తెలిసిన రాయి

కువైట్, 22 జూన్ 1990

అక్క సత్యదుర్గకు, ఇసుకలో వేగుతున్న తమ్ముడు దొరబాబు దణ్ణం పెట్టి రాస్తున్నాను.

నువ్వు బావకి కుట్టి పంపిన చొక్కా, కొని పంపిన చెప్పులు చేరాయి. నీలం చొక్కాకి ఆకుపచ్చ దారంతో కాజాలు కుట్టావని బావ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి, దాన్నే తొడుక్కుని తోటంతా తిరిగాడు. చెప్పులు మాత్రం ఎడమ కాలికి పట్టలేదు. ఆ కాలి అతుక్కున్న జంట వేళ్లని అప్పుడే మర్చిపోయావా అని అడగమన్నాడు. తను మాత్రం కలం పట్టడు. తను చెప్పాలి, నేను రాయాలి.

నా పని ఏంటో అర్థం కాలేదన్నావు. చంద్రుడి మీద తిరిగే బండికి బిగించే పెట్టెను మా ప్రయోగశాల పెద్ద డాక్టర్ గారు విదేశీ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి తయారు చేస్తున్నారు. నేను దాని మెకానిక్కుని. పెట్టె తలను మట్టికి ఆనిస్తే, అందులోని రేడియోధార్మిక బిళ్ల నుంచి కిరణాలు మట్టిని తాకుతాయి. మట్టిలో ఏది ఉంటే అది తన తీరులో బదులు పలుకుతుంది. ఇనుముది ఒక పలుకు, కాల్షియంది ఒక పలుకు. మీటరు మీద సూది చూసి ఏది ఎంతుందో చెబుతాం. ఇక్కడ కబ్ద్‌లో బావ పంపు నడిపే తోట వెనక నేల ఎండి, బోసిగా ఉంటుంది కదా, అందుకని పరీక్షలన్నీ అక్కడే. పెట్టె బిగించిన నమూనా బండి లాగడం బావ పని. బిళ్ల పగిలి పొడి ఊపిరిలోకి పోతే మనిషిని లోపల్నుంచి తినేస్తుంది కాబట్టి, ఎవరొచ్చి అడిగినా ఆ తల విప్పనివ్వొద్దని బావకి నూరిపోశాను.

ఒక తమాషా చెబుతాను. పై ఇసుక కింద సున్నం గట్టిపడిన పొర ఉంటుంది. బావ ఎప్పుడో పైపు కోసం కాలవ తవ్వి పూడ్చేశాడు. గాలికి నేలంతా చదునైపోయింది, కంటికి ఏమీ కనపడదు. నేను పెట్టె ఆనించుకుంటూ పోయి, కాల్షియం సూది లేచిన చోటల్లా చూపించి, కాలవ ఎక్కణ్ణించి ఎక్కడికి పోయిందో చెప్పేశాను. లోపలి మట్టి పైకొచ్చిన చోటు అలా పట్టిస్తుంది. "దీంతో దొంగసొత్తు పట్టొచ్చురోయ్" అన్నాడు.

పని మొదలెట్టే ముందు రోజూ పెట్టెను ఒక నల్లరాతి పలక మీద పెడతాం. అందులో ఏముందో మాకు ముందే తెలుసు. దాన్ని తెలిసిన రాయి అంటాం. "రోజూ అదే రాయి, అదే జవాబు. మరి అడగడం దేనికిరా దొరా?" అన్నాడు బావ. "రాయి మారదు బావా, పెట్టె మారుతుంది. అందుకని." బావ రాయి మీద చెయ్యేసి, "అయితే అది మీ అక్కేరా. పెళ్లినాటి నుంచీ ఒకటే మాట, ఒకటే మొహం" అన్నాడు. ఇది రాయొద్దన్నాడు. అందుకే రాస్తున్నాను.

మీ అత్తగారు సూరాయమ్మ గారికి నా నమస్కారాలు.
నీ దొర


అంబాజీపేట, 9 జూలై 1990

దొరబాబుకు,

నన్ను రాయి అన్న మనిషిని దీపావళికి రమ్మను. ఆ రాయి ఎంత బరువో చూపిస్తాను. ఆకుపచ్చ దారం ఎందుకంటే నీలం దారం అయిపోయింది, వర్షంలో బజారుకు వెళ్లేది ఎవరు? నవ్వినవాళ్లు వచ్చి తెచ్చుకోవచ్చు. చెప్పులు కొట్టువాడికి తిరిగి ఇవ్వడానికి లేదు, నీ కాళ్లకే సరిపెట్టుకో.

చంద్రుడి మీద మట్టి ఏదైతే మనకెందుకురా? అక్కడ మనవాళ్లెవరున్నారు? ఆ విషపు పెట్టెను మా ఆయన చేత లాగించకు. ఆయన ఎవరేం చెప్పినా నమ్మి, ప్రాణం మీదికి వచ్చేదాకా పట్టుకుని కూర్చునే రకం. నీకు తెలియనిది కాదు. పని చెబితే పంపు వరకే చెప్పు.

అత్తయ్య మీకు కొబ్బరి నూనె పంపమంటున్నారు. ఎవరైనా వస్తుంటే రాయి.

అక్క


కువైట్, 15 ఆగస్టు 1990

అక్కా,

పోస్టు లేదు, ఫోను లేదు. సబా అల్ సలేంలో ఇంటిపని చేసే వెంకటేశ్వరి అని కడప ఆవిడ ఎడారి దారిన బయటపడుతోంది. ఇండియాలో దిగాక పోస్టు చేస్తానంటే ఆవిడ చేతికిస్తున్నాను.

రేడియోలో వినే ఉంటావు. తెల్లారేసరికి వీధిలో ఇరాక్ ట్యాంకులున్నాయి. మా ప్రయోగశాలకు లారీలు వేసుకొచ్చారు. యంత్రాలు, కుర్చీలు, చివరికి గోడల్లోంచి వైర్లు కూడా పీక్కుపోయారు. డాక్టర్ గారు గుమ్మానికి అడ్డం నిలబడి ఇవి మీకు పనికిరావయ్యా అన్నారు. మోకాలి మీద కాల్చారు. పడిపోయిన మనిషిని జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకెళ్లి కారు వెనక పడేశారు. ఆ తల మెట్టు మెట్టుకీ కొట్టుకున్న చప్పుడు నా చెవుల్లోంచి పోవడం లేదు. నేను అడ్డం వెళ్తే తుపాకి మడమతో మూతి మీద కొట్టారు. ముందు పళ్లు లేవు. మా వీధి మలుపులో ఒక మనిషి చచ్చిపడి ఉన్నాడు. తీస్తే కాలుస్తామన్నారు. కుక్కలు తిరుగుతున్నాయి. మేం కిటికీ మూసుకుని అన్నం తింటున్నాం. మనుషులం ఇంతేనా అనిపిస్తోంది.

బావ కబ్ద్‌లో క్షేమం. అక్కడంతా ఇసుకే, వీళ్లకి అక్కడేం పని? ఈ గొడవకి ముందురోజే మీటరు పెట్టెను రిపేరుకని గదికి తెచ్చుకున్నాను. బండి, తల బావ దగ్గరే ఉన్నాయి. దారి తెరవగానే వెళ్లి బావని తీసుకుని బయల్దేరతాను. నువ్వు కంగారు పడకు.

దొర


అంబాజీపేట, 20 సెప్టెంబరు 1990

దొరబాబూ,

తిండిగింజలు వేసుకుని బస్రా వైపు వెళ్తున్న ఓడలో కాకినాడ మనిషి ఒకాయన ఉన్నాడంటే, కాళ్లావేళ్లా పడి ఇది ఆయన చేతికిచ్చాను. ఒకటే అడుగుతాను, ఒకటే చెప్పు. మీ బావ ఎక్కడ?

కువైట్ నుంచి ఎవరొచ్చారని తెలిసినా బస్సెక్కి వెళ్తున్నాను. నీలం చొక్కా, ఆకుపచ్చ కాజాలు, చూశారా అని అడుగుతున్నాను. ముమ్మిడివరం మనిషి ఒకడు చూశానన్నాడు. జోర్డాన్‌లో గుడారాల దగ్గర నీళ్ల కోసం కొట్టుకుంటుంటే, ఆ చొక్కా మనిషి ముందు నిలబడ్డాడట. మొహం చూడలేదట. ఎవరి తలో పగిలి ఆ చొక్కా నిండా నెత్తురు పడిందట.

అంటే ఆయన అక్కడ ఉన్నారు. మరి కబ్ద్‌లో క్షేమమని నువ్వెలా రాశావు? చూసి రాశావా? ఆయన్ని వదిలేసి నువ్వు మీటరు కాపలా కాస్తున్నావా? ఇద్దరూ పోట్లాడుకున్నారా? ఆయన అలిగి వేరే దారిన వెళ్లారా? నీ మూతి పళ్లు రాలగొట్టింది నిజంగా సైనికులేనా, మా ఆయనా? ఇలాంటి పిచ్చి ఆలోచనలన్నీ వస్తున్నాయి. నిజం చెబితే ఒక్కసారి ఏడుస్తాను. చెప్పకపోతే రోజూ చస్తున్నాను.

మా మరిది ఇప్పటికే గుసగుసలు మొదలెట్టాడు. మనిషి పోయి ఉంటాడు, ఏదో ఒకటి తేల్చెయ్యాలంటాడు. తేల్చడానికి వాడెవడు?

అక్క


కువైట్, 28 అక్టోబరు 1990

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు తిట్టిన తిట్లకి నాకు బాధ లేదు. కూర్చుని చదువు.

నీళ్ల ట్యాంకరు నడిపే అన్వర్ బాషా నన్ను క్లీనరని చెప్పి కబ్ద్ తీసుకెళ్లాడు. దారిలో సైనికులు దింపి, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కాగితం చించేసి, బెల్టులతో కొట్టారు. బాషా చేతి వేళ్లు తలుపు సందులో పెట్టి మూశారు. అయినా వెళ్లాం. తోటలో చెట్లన్నీ ట్యాంకులు తొక్కేశాయి. మేకల కళేబరాలు పంపు చుట్టూ ఉబ్బి పడున్నాయి. తోట యజమాని, బావ కఫీల్, మొదటిరోజే సౌదీకి పారిపోయాడు. మన బండి తిరగబడి ఉంది, ఒళ్లంతా తూటాల చిల్లులు. చక్రాలు లేవు. పెట్టె తల లేదు.

పక్క తోటలో గంగాధర అని రాజంపేట మనిషి, కోళ్ల షెడ్డులో దాక్కుని ఉన్నాడు. బావని అయ్యప్పన్న అంటాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నేను కండ్లారా సూసినా అన్నా. ఆ బండికాడ వైర్లు సూసి, ఇదేందిరా అని అడిగినారు. అయ్యప్పన్న సెయ్యి ఆకాశం దిక్కు సూపించి, పైకి పోయేది, సంద్రునికి అన్న్యాడు. ఉండేదే సెప్పినాడు పాపం. వాళ్లేమో ఇమానాలకు సైగలు పంపే మిషినీ అనుకున్యారు. దీని తలకాయ యాడబెట్నావు అని మూతి మీద కొట్నారు, సేతులిరగ్గొట్నారు. ఆయన తల ఊపుతాండాడే గానీ సెప్పల్యా. ఆడికీ నాకు సైగ జేసినాడు, రావాకు అని. ఇంగో ఇద్దరితో పాటు గెట్టు అవతలికి ఈడ్సకపోయినారు. యల్లా యల్లా, నడవండ్రా అని అర్సినారు. తుపాకులు పేలినాయి. గుంత తవ్విన సద్దు ఇన్యా. యాడ తవ్వినారో సూడ్ల్యా, పారిపోయినా."

ఇది జరిగింది పంద్రాగస్టుకి ముందే. నీకు క్షేమమని నేను రాసేసరికే అయిపోయింది.

చొక్కా సంగతి కూడా అతనే చెప్పాడు. తోటలో పనిచేసే హుస్సేన్ వలి బనియనుతో పారిపోతుంటే, ఎండకి చచ్చిపోతావని బావ తన చొక్కా విప్పి ఇచ్చాడట. జోర్డాన్‌లో ఆ ముమ్మిడివరం మనిషి చూసింది హుస్సేన్ వలినే.

అక్కా, బావ లేడు. తల విప్పనివ్వొద్దని చెప్పింది నేను. అది పగిలితే ఎవరో పోతారని దాచి, ఆయన పోయాడు. పంపు గదిలో సైనికులు కాపురం పెట్టారు. తోట సరిహద్దు గట్టు అవతలికి అడుగుపెట్టనివ్వలేదు. నేను వెళ్లను, ఇక్కడే ఉంటాను. బావ దొరికేదాకా రాను.

దొర


అంబాజీపేట, 2 డిసెంబరు 1990

దొరబాబుకు,

దీన్ని ఎవరు తెస్తారో, ఎప్పుడు చేరుతుందో తెలియదు. రాయకపోతే నా గుండె పగిలేలా ఉంది.

నీ ఉత్తరం తెచ్చినవాడు నా చేతికివ్వలేదు, మా మరిదికిచ్చాడు. నేను చదవకముందే ఊరంతా చదివేసింది. పెద్దలను వెంటబెట్టుకుని మరిది వచ్చాడు. దర్భలతో బొమ్మ చేసి, అన్నయ్య పేరు పెట్టి దహనం చేద్దాం, శవం లేనప్పుడు అలాగే చేస్తారన్నాడు. వెనక ఇద్దరు ఆడవాళ్లు నా గాజులు పగలగొట్టడానికి రాయి పట్టుకుని నిలబడ్డారు. ఒకామె నా మణికట్టు పట్టుకుంది. కొరికాను. మరిది నా జుట్టు పట్టుకున్నాడు. వాకిట్లో రోకలి ఉంది. తీసి ఒక్కటి వేశాను. వాడి భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నాకు జాలి కలగలేదురా. దర్భబొమ్మని పొయ్యిలో పెట్టి, దాని మీద అన్నం వండి, మా అత్తగారికి వడ్డించాను. ఆవిడ మెతుకు మిగల్చకుండా తిన్నారు. ఆవిడ కూడా కొడుకు బతికున్నాడనే అనుకుంటున్నారు.

నువ్వూ వాళ్లలాగే తేల్చేశావు. గంగాధర కొట్టడం చూశాడు. కాల్చడం విన్నాడు, చూడలేదు. చొక్కా ఇచ్చేశారనడం కూడా విన్న మాటే. ఆగస్టులో క్షేమమన్నావు, చూడకుండా. అక్టోబరులో లేడన్నావు, చూడకుండా. నీకు ఏది తోస్తే అది నా నెత్తిన పడేస్తున్నావు. నీ పెట్టెకు నా మొగుణ్ణి కాపలా పెట్టి, ఇప్పుడు నన్ను బొట్టు చెరుపుకోమంటున్నావు.

చూడనిది నాకు రాయకు. బొట్టు, గాజులు ఇలాగే ఉంటాయి. మీ అందరి మాట మీద నేను విధవని కాను.

సత్యదుర్గ


కువైట్, 24 మార్చి 1991

అక్కా,

డిసెంబరులో నువ్వు రాసిన ఉత్తరం బొంబాయి నుంచి వచ్చినవాళ్ల సంచిలో నిన్న చేరింది. అది చేరకముందే నువ్వు అడిగిన పని చేశాను. ఇప్పుడు రాసేదంతా నేను చూసిందే.

బాంబులు ఎన్ని రోజులు పడ్డాయో రాయను. పారిపోతూ ఇరాక్ వాళ్లు నూనె బావులన్నిటికీ నిప్పంటించారు. పగలే దీపం పెట్టుకుంటున్నాం. ఉమ్మితే నల్లగా వస్తోంది. ఊరి బయట రోడ్డు పొడుగునా కాలిన లారీలు, స్టీరింగు పట్టుకునే బొగ్గైన మనుషులు. వాళ్లని చూసి మొదట సంతోషించాను. తర్వాత ఒక ట్రక్కులో, కాలకుండా మిగిలిన చేతికి తాయెత్తు కనిపించింది.

మీటరు నా బియ్యం బస్తాలో దాగి బతికింది. అది తీసుకుని కబ్ద్ వెళ్లాను. గంగాధర పార తెచ్చాడు. గట్టు అవతల ఎక్కడపడితే అక్కడ మందుపాతరలు. ముందురోజే ఒక ఒంటె పేలి ముక్కలైంది. పైన నూనె మసి ఒక పొరగా పేరుకుని ఉంది. ఆ నేలంతా తవ్వే మాట లేదు. పెట్టె తల ఉంటే తవ్వకుండానే పట్టొచ్చు. కానీ బావ దాన్ని ఎక్కడ దాచాడో ఆయనకే తెలుసు.

అప్పుడు ఆలోచించాను. రోజూ పని మొదలెట్టే చోటు ఏది? పోయి తెలిసిన రాయిని ఎత్తాను. కింద గుంటలో, బావ తువ్వాలులో చుట్టి, తల చెక్కుచెదరకుండా ఉంది. నేను రోజూ అడిగించిన రాయి కిందే దాచి, నేను వస్తానని చూశాడు. నేను రావడానికి ఇన్నాళ్లు పట్టింది. అక్కడే కూలబడి ఏడ్చాను. గంగాధర నన్ను ఆపలేదు.

మీటరుకి తల బిగించి ముందు రాయి మీదే పెట్టాను. సూది ఎప్పుడూ ఉండే చోటే నిలబడింది. తర్వాత మందుపాతరల భయానికి, ట్రాక్టరు అప్పటికే తిరిగిన జాడల వెంట నడుస్తూ, మసి తుడుస్తూ, అడుగడుక్కీ ఆనిస్తూ పోయాను. సూది కదలదు. కదలకపోతే బాగుండు, నువ్వన్నదే నిజం కావాలని మొక్కుకున్నాను. గట్టు చివర, సైనికులు పారేసిన డబ్బాల పక్కన కాల్షియం సూది లేచింది. జరిగి చూశాను, పడిపోయింది. మళ్లీ వెనక్కి వచ్చాను, లేచింది. నాలుగు వైపులా అంచులు చూసుకున్నాను. మనుషులు పట్టేంత జాగా.

తవ్వాం. ముగ్గురున్నారు. చేతులు తీగతో వెనక్కి కట్టేసి ఉన్నాయి. మధ్యనున్న మనిషికి చొక్కా లేదు. మొహం చూసి చెప్పడానికి లేదు. ఎడమ పాదానికున్న మట్టి తుడిచాను. జంట వేళ్లున్నాయి. నా చేత్తో పట్టుకుని చూశాను అక్కా. బావే.

మిగతా ఇద్దరూ ఎవరో తెలియలేదు. గంగాధర చెప్పినట్టు వాళ్లని కడిగి, వేరుగా మళ్లీ పూడ్చాం. బావకి పగిలిన తలుపులు, ఖర్జూరం పెట్టెలు పేర్చి, డీజిల్ పోసి నేనే నిప్పు పెట్టాను. ఊరంతా తగలబడుతుంటే ఒక చితి పొగ ఎవరూ పట్టించుకోలేదు. అస్థికలు నా దగ్గరున్నాయి. అంతర్వేదిలో నువ్వు కలుపుదువుగాని.

డాక్టర్ గారు కూడా లేరు. విదేశీ విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి, తల దొరికినందుకు నా చేతులు పట్టుకున్నారు. మళ్లీ పని మొదలుపెడదాం, రమ్మంటున్నారు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతోంది. పగలగొట్టే వీలు కూడా లేనిదాన్ని ఏం చెయ్యను? నువ్వు వద్దంటే ఖలాస్.

దొర


అంబాజీపేట, 11 ఏప్రిల్ 1991

తమ్ముడు దొరబాబుకు,

ఉత్తరం ఈసారి నా చేతికే వచ్చింది. పోస్టుమాన్‌ని గుమ్మంలోనే నిలబెట్టి అందుకున్నాను. ముందు నేను చదివాను. తర్వాత మా అత్తగారికి చదివి వినిపించాను. జంట వేళ్ల దగ్గర ఆవిడ నా నోరు మూసేశారు. ఆ వేళ్లు ఆవిడ కన్న వేళ్లు.

గాజులు నేనే తీశాను. ఎవరినీ రానివ్వలేదు, ఎవరి చేతా పగలగొట్టించలేదు. ఒక్కొక్కటీ సబ్బు రాసి తీసి, మూట కట్టాను. అస్థికలతో పాటు అంతర్వేదిలో వదులుతాను. మా మరిది ఇంకా పైకి లేవని చెయ్యితో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. వాణ్ణి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఏడ్చి వెళ్లాడు.

హుస్సేన్ వలి ఎక్కడున్నాడో కనుక్కో. చొక్కా తిరిగి ఇవ్వక్కర్లేదు. బతికే ఉన్నాడని తెలిస్తే చాలు.

ఇక నీ పెట్టె సంగతి. వెళ్లు. పని చెయ్యి. దాని మీద కోపం పెట్టుకోకు, నేను పెట్టుకోలేదు. ఇన్ని నెలలు నాకు అందరూ ఏదో ఒకటి చెప్పారు. ఉన్నాడన్నారు, లేడన్నారు, చూశామన్నారు. చూసి చెప్పింది ఆ పెట్టె ఒక్కటే. అది పలికాకే నువ్వు పార పట్టావు. అది చంద్రుడి మీదికి వెళ్లాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకే ఆయన్ని చంపారు. అది వెళితే, ఆయన చెప్పింది నిజమని వాళ్లలో ఒక్కడికైనా తెలియాలి.

కానీ ఆగస్టులో క్షేమమని రాశావు చూడు, అది నేను మర్చిపోను. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఊరూరా చొక్కా వెతికాను. నా మీద ప్రేమతో రాశావని తెలుసు. అయినా మర్చిపోను. నన్ను రాయి అన్నారు కదా ఆయన. నేను మారలేదురా, ఉన్నచోటే ఉన్నాను. ఇకమీదట ఏం చెప్పాలన్నా ముందు నా దగ్గరికి తెచ్చి, సరిగ్గా ఉందో లేదో చూసుకుని అప్పుడు చెప్పు.

పళ్లు కట్టించుకో. అన్నం నమిలి తిను.

మీ అక్క
సత్యదుర్గ